ఐదు వందలు దాటాక

బొమ్మసంద్రలో మా ల్యాబు మూడో అంతస్తు.
ఇవాళ్టి అణువు బరువు ఏడు వందల పన్నెండు.
నేను చేరిన కొత్తలో నాలుగు వందల యాభై దాటితే చాలు
రాయచూరు హంపయ్య సారు
కళ్లజోడు తీసి బల్లమీద పెట్టేవారు.
"నోటి మందమ్మా ఇది, పెళ్లి భోజనం కాదు."

బరువు ఐదు వందల లోపు.
హైడ్రోజన్ అందించే చేతులు ఐదుకు మించొద్దు.
జిడ్డు ఐదు దాటొద్దు.
ఎక్కంలా వల్లించాం.
ఆ ఎక్కానికి లొంగిన జబ్బులు చాలావరకు
మాకంటే ముందువాళ్లు తీసుకుపోయారు.
మాకు మిగిలినవి గుంట లేని ప్రోటీన్లు,
గొళ్లెం ఎక్కడుందో తెలియని తలుపులు.
వేలితో తీయలేం, అరచెయ్యంతా ఆనించాలి.
అందుకని ఒక రింగు, ఇంకో రింగు, ఆ చివర ఓ ఫ్లోరిన్.
ఏటేటా బరువెక్కుతూ వచ్చాం
అణువులూ, నేనూ.

నీళ్లలో కరగాలి.
కొవ్వులోంచి దూరిపోవాలి.
రెండూ ఒక్క ఒంటితోనే.
పదకొండు నెలలు కరగనివే చేశాను,
ఫ్లాస్కు అడుగున ఇటుకపొడిలా కూర్చునేవి.

ఆగస్టు వానల్లో ఒకటి వచ్చింది.
నీళ్లలో ఉన్నంతసేపూ చేతులన్నీ చాపుకుని ఉంటుంది.
పేగు పొర దగ్గరికి రాగానే
తన చేతిని తానే పట్టుకుని ముడుచుకుంటుంది,
సిల్క్ బోర్డులో కిక్కిరిసిన బస్సెక్కి
బ్యాగు గుండెలకు హత్తుకుని
లోపలికి జరిగే మనిషిలా.
గ్రాఫు నమ్మక మూడుసార్లు చేయించాను.

ఫ్లాస్కు తీసుకెళ్లడానికి వచ్చిన పుట్టతాయమ్మ
నా మొహం చూసి అడిగింది:
"ఇద్న నుంగక్కాగుత్తా మేడం?"
మింగడానికి అవుతుందా అని.
వరండాలోకి పిలిచి
కొంగుముడి విప్పి తన షుగర్ బిళ్ల చూపించింది.
చిక్కుడు గింజంత. పూటకొకటి.
రోజూ గొంతులో అడ్డం పడుతుందట.

ఆ బిళ్లలోని అణువు బరువు నూట ఇరవై తొమ్మిది.
నా దానిలో ఐదో వంతు కూడా లేదు.
అణువు బరువు వేరు, మోతాదు వేరు అని
చెప్పబోయి ఆగిపోయాను.

ఆమె తల వెనక్కి వంచింది.
నీళ్లు రెండు గుక్కలు. ఇంకో గుక్క.
మెడ నరం కదిలేదాకా
నేనూ ఊపిరి బిగబట్టి చూశాను.
నా నోట్‌బుక్కులో ఇన్ని గళ్లున్నాయి,
గొంతుకి ఒక్కటీ లేదు.

కింద ఆరున్నర బస్సు హారన్ కొడుతోంది.
ఫ్లాస్కు అక్కడే ఉంది, కడగలేదింకా.