పద్నాలుగో బ్లాకు ఎన్క

ఆ రాత్రి ఆంబులెన్సు మా గోడ పక్కపొంటే పోయింది
రెండుసార్లు.
దాని కూత దగ్గరికొచ్చుడు, మళ్ల సన్నగయ్యుడు
కిటికీకాడ నిలవడి ఇన్నం.
ఫోన్ల అడుగుతున్నరు, "ఏ గల్లీ?"
"పద్నాలుగో బ్లాకు ఎన్క, సిమెంటు గోదాం దాటినంక."
"అట్లాంటి పేరేం లేదు."
షార్జా సజ్జాల ఉంటం మేం, బ్లాకుకు నాలుగొందల మందిమి;
పటంల మాత్రం ఇసుకరంగు. ఒట్టి ఇసుకరంగు.

గంగాధరి బతికిండు.
చేపల బండి ఎన్క పండవెట్టి మేమే తీస్కపోయినం.
మూడు రోజులు వాని అంగికి నీచు వాసన పోలే.

పటం గీసుడంటే పెద్ద చదువనుకున్న ఇన్నొద్దులు.
నడిపి రాజన్న నీళ్ల ట్యాంకరు తోల్తడు,
ఏ గల్లీల బండి మర్లదో వాని టైర్లకు ఎరుక.
షఫీకుల్‌కు పండ్ల నొప్పి. రాత్రిపూట తెరిచుండే
మందుల దుకాణాలన్ని తిరిగిండు.
ఓబులేసు, కడప దిక్కాయన, మెస్సుల వంట,
మిట్టమధ్యాహ్నం ఏ గోడకు ఎన్ని అడుగుల నీడో
కొలిచినట్టు చెప్తడు.
నాకేం తెల్వది. నా ఫోను అద్దం పలగలే, అంతే.
అందుకే నన్ను రాయమన్నరు.

పేర్లకాడ లొల్లైంది.
మేం "జమ్మికాడ" అంటం.
ఫోర్‌మన్ సాలెం దాన్నే "గాఫ్" అంటడు, చెట్టొక్కటే.
షఫీకుల్ వాళ్లకు అది "పాత గేటు".
పఠాను గుల్‌జమాన్‌కు తమ్ముడు లారీ కింద పడ్డ జాగ,
వాడు పేరే పెట్టడు.
గంటసేపు కొట్లాడి
అన్నీ రాసినం, ఒకదాని కింద ఒకటి.
గుల్‌జమాన్‌ది ఒక చుక్క పెట్టి ఊకున్నం.

ఏసీలు బాగుచేసే టేక్‌బహదూర్ తప్పు పట్టిండు:
మందుల దుకాణం రోడ్డుకు అవతల గీసిన నేను.
జరంతోని ఎవడన్న ఆ రోడ్డు దాటితే?
సిగ్గైంది.
నన్ను అడగకుంటనే దిద్దిండు.
అడిగే పనే లేదు, గదే ముచ్చట.

ఆర్నెల్లకు
మా పటం కాయితం మీద కొట్టి
రెండు దిర్హాములకు అమ్ముతుండు సిమ్ముకార్డుల దుకాణపాయన.
"మన చెమట!" అని రేగిండు రాజన్న.
నేను సుత ఉరికిన. పోయి చూస్తే
కింద మూలకు చిన్నగ, మేం పెట్టిన మాటే:
సజ్జా కార్మికులు గీసింది. ఎవరన్న వాడుకోవచ్చు, దిద్దొచ్చు.
దిద్దింది మళ్ల అందరికియ్యాలె.
ఇగ ఏమంటం?
రెండు దిర్హాములు కాయితానికి. గల్లీకి కాదు.
మంచి ఫోను లేనోళ్లు కొన్నరు,
కొనలేనోళ్లు పక్కోనిది చూసి అరచేతుల రాసుకున్నరు.

తర్వాత ఒక కంపెనీ మనిషి వచ్చిండు, ఇస్త్రీ అంగి.
"మొత్తం నాకే ఇయ్యండ్రి, పైసలిస్త. ఇంకెవ్వరికి ఇయ్యద్దు."
ఓబులేసు చాయ పోసిచ్చి అన్నడు,
"ఎత్తకపో సామీ, అడగబల్లేదు.
బీగం మాత్రం ఎయ్యాకు."
చాయ తాగిండు. మళ్ల రాలే.

ఇప్పుడు నేను ఒమాన్ల, సోహార్‌ల ఉన్న. వేరే కంపెనీ.
నిన్న రాత్రి నిద్రరాక ఆ దిక్కు తెరిచి చూసిన.
సిమెంటు గోదాం లేదు, కూలగొట్టినట్టున్నరు.
జమ్మికాడ కొత్తగ నల్లా గుర్తు,
"చల్లటి నీళ్లు, పైసల్లేవు."
ఎవరో మలయాళంల సుత పేరు చేర్చిండ్రు, నాకు చదువరాదు.
గుల్‌జమాన్ చుక్క ఉన్నది.
ఎవ్వరూ ముట్టలే.

ఇక్కడ మా గల్లీ
ఇసుకరంగు.
పొద్దుగాల పక్క మంచమాయనను అడగాలె
నీళ్ల బండి ఏ దిక్కు నుంచి వస్తదని.