గిది ఏడిదో చెప్పు

మిర్యాలగూడ లారీ ఆఫీసు రేకుల షెడ్డుల
లోడు దొరికేదాకా ఆడే ఆట ఇది.
పేకలు పోలీసోళ్లు గుంజుకపోయినంక
ఫోన్లే పేకలైనయి.

షరతులు నేనే పెట్టిన.
బోర్డు కనపడొద్దు, బండి నంబరు కనపడొద్దు.
గుడి ఉన్నా, దర్గా ఉన్నా ఫొటో చెల్లదు.
తప్పు చెప్పినోడు అందరికీ చాయ్ పోయిస్తడు,
ఒప్పు చెప్పినోడికి పైనుంచి ఉస్మానియా బిస్కెట్.

సీరియల్ రిజిస్టరు రాసే గుమాస్తాను.
ఇరవై రెండేండ్లల్ల వాడపల్లి వంతెన దాటింది
మూడుసార్లు. మూడూ పెండ్లిళ్లకే.
అయినా బిస్కెట్లు ఎక్కువ తిన్నది నేనే.

కిలోమీటరు రాయికి పసుపు టోపీనా, పచ్చ టోపీనా,
గడ్డివాము గుండ్రంగుందా, కొట్టంలెక్క పొడుగ్గుందా,
ఎడ్ల కొమ్ములకు ఏం రంగేసిండ్రు,
నీడ ఎటు వాలింది,
ఇవన్నీ చూసి నేను “అకోలా” అంటే
పర్వతాలు నెత్తి పట్టుకుంటడు.
“నీకు అకోలా ఏం దెల్సు సారూ?”
నాకు అకోలా అంటే
ఇరవై ఐదు టన్నుల సన్నబియ్యం,
దించుకున్నాయన వంకర సంతకం,
దాని పక్కన ప్రతిసారీ ఒక చాయ్ మరక.

మొన్న ముసురు పట్టిన రోజు
మిల్లు హమాలీలు పని బంద్ పెట్టిండ్రు.
పదిహేడు బండ్లు టార్పాలిన్లు కప్పుకొని నిలవడ్డయి.
పాలమూరు కుర్మయ్య, మాట తక్కువ మనిషి,
ఫోను బల్ల మీదికి నూకిండు.
“గిది ఏడిదో చెప్పుండ్రి.”

మేకపిల్ల పండుకున్నట్టు ఒక బోడిగుట్ట.
నీళ్లు లేని బావి, గట్టుకు మాత్రం కొత్త సున్నం.
సర్కారు తుమ్మ మీద ఆరేసిన నీలం అంగీ.
మనిషి లేడు.

“హింగన్‌ఘాట్‌కు ఇవతల,” జాంగీర్,
ఫోను చేతికి తీసుకోకుండనే.
“కాదు. చిత్రదుర్గం దాటినంక,
గాలిమరలు మొదలుగాక ముందు,” సైదులు.
“కోదాడ కాడిదేనయ్యా, ఏం పందెం?” పర్వతాలు.

నాకు కొంచెం ఆలస్యంగ తట్టింది.
హింగన్‌ఘాట్‌కు ఇవతలనే
జాంగీర్ అన్న లారీ కాలిపోయింది.
చిత్రదుర్గం కాడ ఇరుసు ఇరిగి
సైదులు ఎనిమిది రోజులు బండి కిందనే పండి,
లోడులున్న ఉల్లిగడ్డలు కొరుక్కుంట బతికిండు.
కోదాడల ఏమైందో
పర్వతాలు చెప్పలే, ఎవరూ అడగలే.

“ఇగ నువ్వే చెప్పు, చాయ్ సల్లారుతున్నది.”
“నాకు గూడ తెల్వదు.”
“తీసింది నువ్వే గద?”
“నేనే. నిద్రాగక రాత్రి పక్కకు పెట్టిన.
తెల్లారి లేస్తే ఎదురుంగ గిది.
ఫొటో కొట్టి, టైర్లు తట్టి చూసుకొని పోయిన.
మూడేండ్లాయె. అదే తొవ్వల
పదిసార్లు తిరిగిన. మళ్ల కనపడలే.”
“అంగీ ఎవలిది?”
“గదే.”

అందరు నా దిక్కు తిరిగిండ్రు.
రాయి లేదు. గడ్డివాము లేదు.
మబ్బు పొద్దు, నీడ గూడ లేదు.
ఆ ఊరి రసీదు నా బీరువల ఎన్నడు పడలే.
“తెల్వది,” అన్న.
చాయ్ పైసలు నేనే ఇచ్చిన.

వాన తెరిపిచ్చినంక మిల్లు నుంచి ఫోనొచ్చింది.
సీరియల్ పదకొండు, ఉప్పుడు బియ్యం.
ఎక్కడి నుంచి: మిర్యాలగూడ.
ఎక్కడికి: పాలక్కాడ్.
నడుమ దానికి
నా రిజిస్టరుల కాలమ్ లేదు.

కేబిన్ల నుంచి కుర్మయ్య మొత్తుకున్నడు,
“సారూ, నీకు పంపిన, సూస్తుండు!”

అప్పటి నుంచి బండి దిగినోళ్ల మొఖం కంటె ముందు
చెప్పులకంటిన మట్టి చూస్తున్న.
ఇంట్ల భారతమ్మకు చూపెడితే
గుట్టను చూడలే, బావిని చూడలే.
అద్దాలు పెట్టుకొని, బొమ్మను వేళ్లతోటి పెద్దగ జేసి
ఒక్కటే అన్నది,
“ఈ అంగీకి రెండో గుండీ లేదు.”