అడుగు

తలుపు పక్క కుర్చీలోనే కూర్చో సెవెరిన్,
కొత్తలో అందరం అక్కడే కూర్చున్నాం
పారిపోవడానికి వీలుగా ఉంటుందని.
కోటు విప్పకపోయినా ఎవరూ ఏమనరు,
చర్చి నేలమాళిగ ఇది, హీటరు మాట వినదు.
టీ గాజుగ్లాసులో ఇస్తారు.
చేతులు వణికితే సగమే పొయ్యమను.
నాకు మొదటి నెలంతా సగమే పోశాడు బోగుమీల్.
ఎందుకని నేనడగలేదు, తను చెప్పలేదు.

నా పేరు బోగ్నా. తాగుబోతుని.
పదకొండేళ్లుగా ముట్టుకోలేదు,
అయినా తాగుబోతునే.

ఈ వూచ్ నగరం పేరుకి అర్థం పడవ.
పడవెక్కుదామంటే ఏరు కనపడదు.
మిల్లుల కాలంలో వాగులన్నిటినీ గొట్టాల్లోకి దింపి
పైన రోడ్లేశారు.
రోజూ వాటి మీదుగానే ట్రాము నడిపేదాన్ని,
నాక్కూడా ఒకటి పారుతుండేది లోపల,
టీ అని కాగితం అంటించిన ఫ్లాస్కులోంచి.
చప్పుడు ఎవరికీ వినపడదనుకున్నాను.
చివరి సీటు ముసలమ్మకి కూడా తెలుసట.

నవంబరులో ఒక తెల్లవారుజామున
డిపో మలుపు దగ్గర ఆపాల్సిన చోట ఆపలేదు.
ఎవరూ చావలేదు.
ఆ మాటని చాలాకాలం జేబులో పెట్టుకు తిరిగాను,
తడిమి చూసుకునేదాన్ని మధ్యమధ్యలో:
ఎవరూ చావలేదు కదా, ఎవరూ చావలేదు కదా.
పూలకొట్టు తేక్లా ఎడమచెయ్యి మాత్రం
ఇప్పటికీ భుజం దాటి లేవదు.

జబ్బునే మందని పిలుచుకున్నవాళ్లం మనం.
సీసా అడుగు చూశాం.
ఆ అడుగు కింద ఇంకో అడుగుంటుంది,
దాన్నీ గోకి చూశాం.
గోడమీద పన్నెండు అడుగులని రాసుంది చూడు,
మొదటిదానికి కాళ్లతో పనిలేదు.
అడుగు.
నోరు తెరిచి, పక్కవాణ్ని, అడుగు.
"నా వల్ల కావట్లేదు" అను చాలు.
ఆ మూడు మాటలు గొంతు దాటడానికి
నాకు రెండు చలికాలాలు పట్టింది.

దేవుడి సంగతంటావా?
అమ్మమ్మ జపమాల అమ్ముకుని తాగినదాన్ని, నన్నడుగుతున్నావు.
బోగుమీల్ వెల్డింగు పనివాడు,
ఉపన్యాసాలు చేతకావు.
"పైన తీగలో ఏం పారుతోందో ఎప్పుడైనా చూశావా" అన్నాడు.
లేదన్నాను.
"మరి ట్రాము ఎలా కదిలింది?"
ఒళ్లు మండిపోయింది నాకు.
ఆ మంటతోనే మూడో అడుగు దగ్గర
ఎనిమిది నెలలు నిలబడ్డాను.
అది దేవుడో కాదో ఇవాళ్టికీ తెలీదు.
పొద్దున్నే కళ్లు మూసుకుని లోపలెక్కడో చెయ్యి పైకి చాస్తాను,
ఒక్కోరోజు ఏదో తగులుతుంది.
తగలని రోజు
టీ పెట్టుకుంటాను.

తొమ్మిదో అడుగుకి పూలకొట్టుకి వెళ్లాను.
తేక్లా నన్ను గుర్తుపట్టి కూడా
బకెట్లలో నీళ్లు మారుస్తూనే ఉంది.
రాసుకెళ్లిన కాగితం చదివాను, మధ్యలో రెండు లైన్లు ఎగిరిపోయాయి.
"అయిందా?" అంది.
"క్షమించలేను" అంది.
కాసేపాగి,
"ఆ బకెట్లు పై అరలో పెట్టు, నాకు చెయ్యి లేవదు."
పెట్టాను.
ఇది ఏడో సంవత్సరం, ప్రతి శనివారం పెడుతున్నాను.
క్షమించిందేమో అడగలేదు. అన్నీ అడగక్కర్లేదు.
మొన్న ఈస్టరుకి తులిప్ పూలు ఒక కట్ట నా సంచిలో పెట్టింది.
డబ్బులు తీసుకునే పెట్టిందిలే.

బోగుమీల్ మార్చిలో పోయాడు.
పాతిపెట్టి వచ్చాక చుట్టాలు వోద్కా గ్లాసులెత్తారు,
మేం పద్నాలుగు మందిమి ఒక మూల
ఎండుపళ్ల కషాయం ఎత్తాం, అది మరీ తియ్యగా ఉంది,
నవ్వొచ్చింది ఎవరికో,
ఆ తర్వాత అందరం ఏడ్చాం.

ఇదిగో, గ్లాసు పట్టుకో. సగమే పోశాను.
పోయేటప్పుడు మెట్లమీద మంచుంటుంది, రెయిలింగు వదలకు.
కాగితం వెనక నా నంబరు ఉంది.
రాత్రి మూడింటికైనా చెయ్యి.
మూడింటికే చేస్తావు,
నాకు తెలుసు.