ముప్పై ఆంపుల ఇల్లు

మా బండింట్లో వేన్నీళ్లకి రెండు స్విచ్చులు.
ఒకటి లోపల, సింకు పక్కన, ఎర్ర దీపంతో.
రెండోది బయట, రేకు తలుపు వెనక,
నల్లగా, బొటనవేలి గోరంత.
అమ్మినవాడు దాని ఊసే ఎత్తలేదు.

మొదటి వారమంతా దీపం వెలుగుతూనే ఉంది,
నీళ్లు మాత్రం రెడ్ రివర్‌లోంచి
అప్పుడే లేచొచ్చినట్టు.
ఓర్విల్ దీపాన్ని తిట్టాడు.
నేను ఓర్విల్‌ని తిట్టాను.
చివరికి పక్క బండి ఇడెల్లా టార్చి పట్టుకొచ్చి
గడ్డిలో మోకాళ్లూని తలుపు తీసి,
"ఇదిగో, ఇక్కడ దాక్కుంది" అంది
పిల్లికూనను దొరకబుచ్చుకున్నట్టు.

అక్టోబరు. నార్త్ డకోటా. చక్కెర దుంపల కోత.
అతనిది పగలు, నాది రాత్రి.
కొండంత దుంపల గుట్ట పక్కన నిలబడి
లారీలకి చేతులూపి దారి చూపడం,
చెవుల్లో యంత్రం, కనురెప్పల మీద నల్లమట్టి.
ఇద్దరికీ ఒకటే నారింజ కోటు.
గేటు దగ్గర అతను విప్పి ఇస్తే
చేతులింకా వెచ్చగా ఉంటాయి.
పరుపూ అంతే,
చల్లారేలోగా మనిషి మారిపోతుంది.

స్తంభం మీది బ్రేకరు ముసలిది.
ముప్పై ఆంపులని రాసుంది గానీ
ఇరవైకే ఆయాసపడుతుంది.
గది హీటరూ నీళ్ల హీటరూ కలిసి నడిస్తే
టక్.
చీకటి.
అందుకని ఏదో ఒకటే.
డ్యూటీకి బయల్దేరే ముప్పావుగంట ముందు
గది హీటరు ఆపి నీళ్ల స్విచ్చి వేస్తాను.
నోటి పొగ చూసుకుంటూ బూట్లు కట్టుకుంటాను.
పొద్దున అతనూ అంతే చేస్తాడు, నా కోసం.
మేం మాట్లాడుకుని తొమ్మిది రోజులు.
కోపం కాదు. వేళ కుదరదు.
బల్ల మీద చీటీలు రాసుకుంటాం.

తొలిసారి గడ్డకట్టిన రోజు
పైపులు పగులుతాయేమోనని ఓర్విల్
ట్యాంకు ఖాళీ చేసి, చీటీ పెట్టి వెళ్లాడు.
చీటీ బల్ల కింద పడింది.
నేను ఎప్పటిలాగే స్విచ్చి వేశాను.
ఎసరు లేని కుండ కింద మంట.
చప్పుడు లేదు, కమురు వాసన లేదు.
దీపం వెలుగుతూనే ఉంది, దానికేం తెలీనట్టు.

గేటు దగ్గర కోటు అందుకుంటూ
"నీళ్లు కాగుతున్నాయి" అన్నాను.
"ట్యాంకులో నీళ్లెక్కడివి?" అన్నాడు.
వెనక లారీ హారను.
కోటు ఒక చెయ్యే దూరింది నాకు.

రాత్రంతా లారీలకి తప్పుదారి చూపనందుకు
ఆశ్చర్యపోతూ ఇంటికొస్తే
షవరు గదిలో బకెట్టు, మీద తువ్వాలు,
తువ్వాలు కింద పొగలు.
పదకొండు కెటిళ్లు కాచి పోశాడు.
బ్రేకరు రెండుసార్లు పడిపోయిందట.
చీటీలో అంతే ఉంది.
ఇంకేమైనా ఉందేమోనని వెనక్కి తిప్పి చూశాను.

శుక్రవారం వాన. పొలాలు బురద, కోత బందు.
ఓర్విల్ పద్దెనిమిది డాలర్లు పెట్టి
కొత్త ఎలిమెంటు తెచ్చాడు.
వానలోనే బిగించాడు. నేను గొడుగు పట్టాను,
ఎక్కువగా ఎలిమెంటుకి.
ట్యాంకు నింపి, వేడి కుళాయి తిప్పి వదిలితే
దగ్గింది, ఉమ్మింది, తుస్సుమంది,
ఆఖరికి సన్నగా, నిలకడగా ధార.
అప్పుడుగాని "ఇప్పుడు వెయ్యి" అనలేదు.

ఆరు గ్యాలన్ల నీళ్లు.
ఇద్దరి ఒంటి మీదా పది రోజుల మట్టి.
గది హీటరు ఆగిపోయింది.
ఒక్క కోటు కిందే ఇద్దరం.
"ముందు నువ్వెళ్లు" అన్నాను.
"నువ్వే" అన్నాడు.
ఆ ఒక్క మాట మీద
ముప్పావుగంట పోట్లాడుకున్నాం,
నీళ్లు కాగేదాకా.