పటేలు వెనక కాళ్లు

పని చెయ్యదు, కూసుని తింటది,
చెవులు రుమాలు లెక్క వెనక్కి కట్టుకుంటదని
పటేలు అని పేరు వెట్టిండు మా మామ.
చండూరు అంగట్ల మూడొందలకు తెచ్చిన
ఆడ కుందేలుకు ఆ పేరేందని
నవ్వనోళ్లు లేరు మా గల్లీల.

నడుము ఇరిగింది మాత్రం నా చేతులల్లనే.
కుక్క ఉరికొచ్చిందని
వీపు వట్టి లేపిన, కింద చెయ్యి వెట్టకుండ.
అది గాలిని ఒక్క తన్ను తన్నింది.
పోగు తెగినంత సప్పుడు. అంతే.
దించినంక ముందు కాళ్లు ఉరికినయి.
వెనక కాళ్లు వాటెంబడి ఈడ్చుకపోయినయి.

నల్లగొండ పశువుల దవాఖాన్ల
బర్రెల నడుమ గంప వట్టుకొని నిలవడ్డ.
"గొర్రెకైతే రాస్తం, బర్రెకైతే రాస్తం,
దీన్ని ఏ కాలంల రాయాలమ్మా" అన్నడు చీటీలు రాసేటాయన.
సుచరిత మేడం కాలి వేళ్ల నడుమ గిచ్చి,
శానసేపు సూసి,
"తెగిందో నలిగిందో నెల రోజులైతే గాని తెలువది" అన్నది.
పొత్తికడుపు ఎట్ల ఒత్తాల్నో
నా బొటనవేలు వట్టి నేర్పింది.

అప్పటిసంది దినాం నాలుగుసార్లు
ఒక చేతిల పానం, ఒక చేతిల పాత గుడ్డ.
నిండిన ఉచ్చసంచి నిమ్మకాయంత తాకుతది వేళ్లకు.
గట్టిగ ఒత్తితే పగులుతది,
మెల్లగ ఒత్తితే రాదు.
తెగిన పట్టు పోగులకు ముడేసే వేళ్లే,
అయినా మూడు దినాలు పట్టింది ఎంత ఒత్తాల్నో తెలిసెతందుకు.
తొడలు గోరెచ్చటి నీళ్లతోని కడగాలె,
అద్దినట్టు తుడవాలె,
తడి ఉంటే పుండైతది.

కాళ్ల పని మామ తీసుకుండు.
బోరింగు నీళ్లు సున్నమై కూసున్న మోకాళ్లు ఆయనయి,
సాగవు, మడవవు.
మగ్గం గుంతల దిగక పదిహేనేండ్లు.
ఒళ్లె పాత సద్దరు పరిసి, పటేలును పండవెట్టి
వెనక కాళ్లు రెండు వట్టి సైకిలు తొక్కిపిస్తడు,
పొద్దుగాల యాభై, మాపటికి యాభై.
లెక్క తప్పితే మళ్ల ఒకటికాడికెల్లి.
"గిట్ల నాకు గూడ ఎవరన్న తొక్కిపిస్తే"
అన్నడొకనాడు, ముప్పై ఏడు కాడ.
నేను ఇననట్టు కండె సుట్టిన.
ముప్పై ఎనిమిది, అన్నడు.

ఖాజా మియా సైకిలు దుకాణంల తుప్పువట్టిన చువ్వలు,
చక్రాలకు రెండు ఖాళీ కండెలు,
నడుముకు కట్టెతందుకు
పువ్వు పక్కకు జరిగిందని సేటు తిప్పిపంపిన గుడ్డల ముక్క.
బండి కట్టిన మొదటి దినం
బండితోని సహా బోర్లవడ్డది.
రెండో దినం పట్టీ కొరికి తిన్నది.
సేటుకు నచ్చని డిజైను
పటేలుకు మస్తు నచ్చిందని మామ నవ్వి నవ్వి దగ్గిండు.
మూడో పట్టీ కుట్టిన.
ముందట కొత్తిమీర కట్ట వెట్టిన.
గచ్చు మీద కండెలు గరగరమన్నయి,
ఒక జానెడు, ఆగింది, ఇంకో జానెడు.
గడప కాడ పిల్లలు ఊపిరి వట్టి సూసిండ్రు.
కొత్తిమీర తిన్నంక మళ్ల కదలలే,
పటేలు గదా.

మేడం చెప్పిన నెల దాటింది, ఇంకో నెల దాటింది.
గిచ్చితే ఎడమ కాలు ఒక్కోనాడు గుంజుకుంటది,
ఒక్కోనాడు ఎవరిదో కాలైనట్టు పడుంటది.
నేను అడుగుడు మానేసిన.
ఒత్తుడు, కడుగుడు మానలే.

మంచిగున్ననాడు
పిల్లి వాసనొస్తే వెనక కాలుతోని నేల గుద్దేది,
నిద్రల ఉన్నోళ్లం లేచి కూసునేటోళ్లం.

నిన్న రాత్రి గుంతల కాళ్లు వెట్టి నేస్తున్న.
మగ్గం సప్పుళ్లల్ల
నాది గాని సప్పుడొకటి ఇనవడ్డది.
కాళ్లు ఆపిన.
మంచంలకెల్లి మామ,
"నువ్వేనా కొట్టింది?"
"నేను గాదు."
పటేలు చెవులు నిక్కవెట్టి
కిటికీ దిక్కు సూస్తున్నది.
ప్రహరీ మీద పిల్లి తోక
మెల్లగ అవతలికి దిగిపోయింది.