వెంట్రుకవాసి

మొదటిరోజు నూటపదహారు ఫోటోలు తీశాను.
అతిథిగృహం వంటింటి గుమ్మంలో
ఉల్లిపాయ వాసనేసే వేలితో
ఒక్కోటీ తోసుకుంటూ చూసింది రోజాన్.
"అన్నీ ఉన్నాయి తాతా, పువ్వు తప్ప" అంది.

నిజమే.
కంచె ఉంది. నా బండి వెనక చక్రం ఉంది.
ప్రతిదాంట్లోనూ నా టోపీ నీడ,
పిలవని చుట్టంలా ముందు వరసలో కూచునుంది.
నడుమ ఓ నారింజరంగు మరక.
అది పువ్వని పక్కన నిలబడి నేను చెప్పాలి.

ఇరవై ఆరేళ్ళు నబబీప్‌లో రాగి తవ్వినవాణ్ణి.
గని మూతబడ్డాక, పూలకోసం వచ్చేవాళ్ళని
ఆగస్టులో ఈ కొండలన్నీ తిప్పుతాను.
మూడేళ్ళు వాన లేదు, మూడేళ్ళు ఎవరూ రాలేదు.
ఈ ఏడు కురిసింది.
రాళ్ళకింద అన్నాళ్ళూ ఊపిరి బిగబట్టిన గింజలు
ఒక్క వారంలో నేలంతా ఆక్రమించాయి,
అడుగుపెట్టే చోటు లేకుండా.

ఓ జర్మన్ ముసలాయన దిగిపోతూ
తన పాత కెమెరా నా సీటు మీద పెట్టేశాడు.
"చేతులు వణుకుతున్నాయి" అన్నాడు, అంతే.
నావీ వణుకుతాయి. డ్రిల్లు మిషను పెట్టిన భిక్ష అది.
ఆయనకి చెప్పలేదు.

"నిలబడి తీస్తే కనపడేది నడినెత్తే" అంది రోజాన్.
"నడినెత్తి చూసి నన్ను గుర్తుపడతావా నువ్వు?"
పదిహేనేళ్ళ పిల్ల. ఆదివారాలు
ఫోనుతో చీమల్ని తీస్తుంది.
వంగాను. చాలదంది.
కూచున్నాను. ఇంకా కిందికి అంది.
చర్చిలోనూ, చాళ్ళు ఇరుకైనచోటా తప్ప
ఎక్కడా మోపని మోకాళ్ళని
రాళ్ళమీద మోపి, చివరికి బోర్లా పడుకున్నాను.

అక్కణ్ణించి పువ్వుకి మెడ ఉంది.
మెడమీద నూగు ఉంది.

కానీ ఇక్కడో తిరకాసు:
ఈ పూలు ఎండ ఉంటేనే విచ్చుకుంటాయి.
ఎండ ఉంటే రేకులు తెల్లగా మాడిపోతాయి ఫోటోలో.
మబ్బు పడితే వెలుగు వెన్నలా ఉంటుంది,
పూలేమో గుప్పిళ్ళు మూసేస్తాయి.
రెండుపూటలు తిట్టుకున్నాను.
మూడోపూట లీనా ఉతికి ఆరేసిన మైదా సంచి
అడక్కుండా తీగమీంచి లాక్కొచ్చి
రెండు పుల్లలకి కట్టి
ఆ ఒక్క పువ్వుకి మాత్రం కొంచెం మబ్బు తయారుచేశాను.

ఇక గాలి.
కోటు విప్పి అడ్డం పెడితే
చుట్టూ తిరిగి వచ్చింది, అప్పులవాడిలా.
"ఆపడానికి చూడకు, అలిసేదాకా ఆగు.
అప్పుడు నీ ఊపిరి కూడా ఆపు" అంది పిల్ల.

ఆగాను.
కన్ను ఆనించాను.
ముందు రేకు స్పష్టంగా ఉంటే
వెనక రేకు పొగ.
పుప్పొడి గింజ దొరికితే రేకులన్నీ పొగ.
తల వెంట్రుకవాసి కదిలితే చాలు
లోకం మారిపోతోంది.

ఇది నాకు తెలుసు.
టోపీదీపం వెలుగులో జానెడు బండ,
దాని చుట్టూ ఏమీ లేదు.
సుత్తితో తట్టి, ఆ జానెడు చెప్పేది విని
పైకప్పు నిలుస్తుందో కూలుతుందో తేల్చుకోవాలి.
కొండంతా ఒకేసారి చూడాలని
ఏనాడూ అనుకోలేదు అక్కడ.
ఇక్కడికొచ్చి అత్యాశకి పోయాను.

ఆ సాయంత్రం తీసినవి తొమ్మిదే.
ఒకదాంట్లో పువ్వు నడిమధ్య
తలకిందులుగా దూరిన పేడపురుగంత జీవి,
ఒళ్ళంతా పసుపు పూసుకుని.
మొహం మసక. రెక్కలు మసక.
వెనక్కాలు ఒక్కటే,
దానిమీది ఒక్కో ముల్లూ లెక్కపెట్టొచ్చు.

రోజాన్ చాలాసేపు చూసింది.
"కాలు బాగుంది" అంది.
గనిలో పాతికేళ్ళకి గడియారం ఇచ్చినప్పుడు కూడా
నాకింత గర్వం లేదు.
లీనా మాత్రం "ఆ సంచెక్కడ?" అంది.

మర్నాడు మళ్ళీ అక్కడికే వెళ్ళాను.
నాలుగయ్యేసరికి పూలు దుకాణాలు కట్టేస్తాయి.
పురుగు లోపలుండగానే
రేకులు ఒకటొకటిగా పైకి లేచాయి.
గాలి లేదు. వెలుగు వెన్న.
నొక్కితే కెమెరా పలకలేదు,
బ్యాటరీ అయిపోయింది.
అలాగే పడుకుని చూశాను.
లేవాలన్నా మోకాలు ఒప్పుకునేలా లేదు.