అట

గుణుపూర్‌కి సరుకు కంటే ముందు 'అట' వస్తుంది.
బండి దిగి, టీకొట్టు దగ్గర మొహం కడుక్కుని
నా షట్టరు సగం లేచేసరికే
లోపల స్టూలు మీద కాలు మీద కాలేసుకుని ఉంటుంది.

కొత్త ప్రాసెసర్ వస్తోందట.
పదహారు కోర్లట. వేడెక్కదట. ఫ్యాను లేకపోయినా నడుస్తుందట.
దసరాకి రాదట, దీపావళికి రావచ్చట.
వస్తే పాత సాకెట్‌లో పట్టదట,
బోర్డు మార్చాలట, ర్యాము మార్చాలట,
స్క్రూడ్రైవరు పట్టిన ఈ చెయ్యొక్కటీ పాతదే చాలునట.

విశాఖ నుంచి హోల్‌సేలు పోలినాయుడు ఫోను:
"ఉన్న స్టాకు తోసీ గురూ,
నెల తిరిగితే దీని మొకం సూసీవోడుండడు."
మర్నాడు మళ్ళీ అతనే:
"దాసుకో. కొత్తది రాదు, పాతదీ దొరకదు."
ఒకే పెనం మీద రెండు అట్లు.

ఒడియాలో దీన్ని 'కువాడె' అంటారు.
కాలేజీ కుర్రాడు బిభూతి పాఢీ వచ్చి
గొంతు తగ్గించి, "కువాడె ఆసుఛి" అంటాడు.
దానికి నేనొక 'అట' తగిలిస్తాను.
రెండు భాషల ఎంగిలి పడ్డ వార్త
సాయంత్రం కరెంటు పోయే వేళకి
ధరల పట్టికలోకి ఎక్కి కూర్చుంటుంది.

నాకిది కొత్త కాదు.
పెద్ద గేజు వస్తోందని చిన్న రైలుని ఆపేసినప్పుడు
స్టేషను ముందు పకోడీల బండి మా నాన్నది.
రేపో మాపో అట, రేపో మాపో అట
అనుకుంటూ ఏళ్ళ తరబడి శనగపిండి జల్లించాడు.
రైలు నిజంగానే వచ్చింది.
అప్పటికి బండి చక్రాలు ఎవరో రిక్షాకి వేసుకున్నారు.

ఇందరి సబర వచ్చింది, నాలుగోసారి,
పుట్టాసింగి నుంచి జీపు వెనక నిలబడి.
బడి పిల్లలకి సవర అక్షరాల్లో చిన్న వాచకం కట్టుకోవాలి.
ఆషాఢంలో నేనే అన్నాను: ఆగమ్మా, కొత్తది వస్తోందట.
శ్రావణంలో అన్నాను: ధర పడుతుందట.
భాద్రపదంలో: అసలు దొరకడం లేదట.
ఈసారి రుమాలు ముడి విప్పి
డబ్బు లెక్కపెట్టకుండా బల్ల మీద పెట్టింది.
"అన్నా, ఈ అటకి ఎంత ఇవ్వాలి?"

వెటకారం లేదు గొంతులో. అదే గుచ్చుకుంది.

తలెత్తి చూశాను.
అట కాదు, అటక.
దాని మీద బ్యాంకువాళ్ళు వదిలించుకున్న డబ్బా,
రెండేళ్ళ బూజు, ఒక బల్లి గుడ్డు పెంకు.
దింపాను. బ్రష్షుతో దులిపాను.
చిప్పు కింద ఒక పిన్ను వంగి ఉంది,
ఊపిరి బిగబట్టి సూదితో నిలబెట్టాను.
పేస్టు బఠాణీ గింజంత.
స్విచ్చి నొక్కితే
పొలానికి నీళ్ళు తోడే ఇంజనులా ఫ్యాను.

తెర మీద మొదట అన్నీ ఖాళీ గళ్ళు.
ఫాంటు ఎక్కించాక
ఒక్కో గడిలోంచి ఒక్కో అక్షరం
బొరియలోంచి ఉడతలా తల బయటపెట్టింది.
ఇందరి కుర్చీ ముందుకి లాక్కుంది.
టైపు చేసిన దానికీ కనబడిన దానికీ మధ్య
ఒక గుక్క టీ తాగొచ్చు.
ఆవిడకి తొందర లేదు,
తొందరంతా నాలుగు నెలలు నా దగ్గరే ఖర్చయింది.

"మీ సవరలో 'అట'ని ఏమంటారమ్మా?"
చెప్పింది.
రెండుసార్లు పలికాను, నా నోట నిలవలేదు.
నవ్వి, తెర మీద రాసి చూపించింది.
చూశాను. చదవలేకపోయాను.
గంటసేపట్లో నేనొక్క 'అట' కూడా అనలేదని
అప్పుడు తట్టింది.

డబ్బాని గోనెసంచిలో చుట్టి జీపుకెత్తాం.
బిల్లులో ఏం రాయాలో తెలీక
'పాతది, పనిచేస్తుంది' అని రాశాను.

జీపు మలుపు తిరగలేదింకా, ఫోను మోగింది.
"ఇన్నావా గురూ..."

"ఏటట?" అన్నాను.